నూట నలభై మెసేజీల ఆదివారం: దుకాణం సాఫ్ట్‌వేర్‌లో లిమిట్ ఎక్కడ పెట్టాలి?

శ్రీకాకుళంలో అరసవల్లి వెళ్లే దారిలో ఒక సూపర్‌మార్కెట్ ఉంది. మూడు బిల్లింగ్ కౌంటర్లు, వెనక చిన్న గోడౌను, పైన ఓనరు గారి ఇల్లు. రెండేళ్ల కిందట అక్కడి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కి నిఘా మాడ్యూల్ ఒకటి తగిలించాను. దాంతోపాటు వచ్చిన లిమిట్లే ఉంచేశాను. క్యాన్సిల్ అయిన ప్రతి బిల్లుకీ, వంద రూపాయలు దాటిన ప్రతి డిస్కౌంటుకీ, అమ్మకం లేకుండా గల్లాపెట్టె తెరుచుకున్న ప్రతిసారీ ఓనరు గారి ఫోన్‌కి ఒక మెసేజ్. మొదటి ఆదివారం సాయంత్రానికి నూట నలభై దాటాయి. ఏడున్నరకి ఆయన ఫోన్ చేశారు.

"ఏటి బాబూ ఇది? దొంగని పట్టుకోమంటే నా ఫోనే పట్టుకుని కూర్చోమంటున్నావు!"

మర్నాడు వెళ్లేసరికి మెసేజీలన్నీ ఆపేసి ఉన్నారు. మాడ్యూల్‌లో లోపమేమీ లేదు, చెప్పినట్టే చేసింది. చెప్పడం నాకు రాలేదు. ఎక్సెప్షన్ రిపోర్టుల గురించి నేను నేర్చుకున్నదంతా ఆ ఆదివారం నుంచే మొదలైంది.

ఎక్సెప్షన్ రిపోర్టు అంటే ఏమిటో ముందు చెప్పుకుందాం. మామూలు రిపోర్టు జరిగినదంతా చెబుతుంది. ఈ రోజు ఎన్ని బిల్లులు, ఎంత అమ్మకం, ఎంత యూపీఐ, ఎంత క్యాష్. ఎక్సెప్షన్ రిపోర్టు మీరు గీసిన గీత దాటినదాన్ని మాత్రమే చూపిస్తుంది, మిగతాదాని గురించి మాట్లాడదు. ఆ గీతనే లిమిట్ అంటాం, త్రెషోల్డ్ అని కూడా అంటారు. వినడానికి ఇంతే. కానీ గీత కిందకి దించితే ఊరంతా దొంగలే, పైకి జరిపితే ఊళ్లో దొంగే లేడు. ఎక్కడ పెట్టాలన్నది ఏ కంపెనీ మాన్యువల్లోనూ రాసి ఉండదు. అది మీ దుకాణాన్ని బట్టి, అంతకన్నా ముఖ్యంగా ఆ రిపోర్టు చదివే మనిషికి రోజూ ఎంత తీరిక ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది.

లిమిట్ల దాకా వెళ్లకముందు ఒక మాట. మన దుకాణాల్లో తరచూ చూసే సంగతి: కౌంటర్లు మూడు, లాగిన్ ఒక్కటే. పొద్దున ఎవరో ఒకరు 'అడ్మిన్' అని కొట్టి తెరుస్తారు, రాత్రి షట్టర్ దించేదాకా ముగ్గురూ దాంట్లోనే బిల్లులు కొడతారు. భోజనానికి ఒకరు లేస్తే ఇంకొకరు కూర్చుంటారు. ఇలాంటి చోట ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ పెట్టినా 'అడ్మిన్ ఈ రోజు నలభై బిల్లులు క్యాన్సిల్ చేశాడు' అని చెబుతుంది. ఆ అడ్మిన్ ఎవరు? అందుకే మనిషికో లాగిన్, లేచి వెళ్తే లాక్. ఇది కుదిరేదాకా లిమిట్ల పని మొదలుపెట్టకండి. రెండోది గడియారం. కెమెరాల వీడియో దాచే పెట్టె, అంటే డీవీఆర్, టైమూ, బిల్లింగ్ కంప్యూటర్ టైమూ ఒక్కటిగా ఉండాలి. నేను చెబుతున్న దుకాణంలో డీవీఆర్ ఏడు నిమిషాలు ముందుంది. బిల్లు టైము పట్టుకుని వీడియో తీస్తే ప్రతిసారీ ఎవరో వేరే కస్టమర్ కనిపించేవాడు.

క్యాన్సిల్ అన్నవన్నీ ఒకటి కావు

దుకాణంలో 'బిల్లు క్యాన్సిల్' అన్న ఒక్క మాటలో మూడు నాలుగు వేరువేరు పనులు ఉన్నాయి. డబ్బు కట్టకముందు బిల్లులోంచి ఒక ఐటమ్ తీసేయడం ఒకటి. నెల సరుకులు కొనేటప్పుడు మొత్తం చూసి, "ఆ హార్లిక్స్ ఉంచీ తల్లీ, వచ్చే నెల చూద్దాం" అనే వాళ్లు రోజూ ఉంటారు. ఇది ఎంత జరిగినా తప్పు కాదు. డబ్బు కట్టిన తర్వాత మొత్తం బిల్లు రద్దు చేయడం రెండోది. దీని సంగతి వేరు. యూపీఐ ఆగిపోయి, కస్టమర్ మళ్లీ క్యాష్ ఇచ్చి, పాత బిల్లు తీసేయాల్సి రావడం నిజమే. కానీ కస్టమర్ క్యాష్ ఇచ్చి వెళ్లిపోయాక పావుగంటకి అదే బిల్లు రద్దయితే అడగాల్సిందే. సరుకు పోయింది, డబ్బు గల్లాపెట్టెలోకి వచ్చింది, లెక్కలో మాత్రం అమ్మకం లేదు. సాయంత్రం క్యాష్ లెక్కపెడితే ఆ డబ్బు 'ఎక్కువ' వస్తుంది. ఆలోపు ఎవరో తీసేసుకుంటే లెక్క సరిగ్గా సరిపోతుంది. క్యాష్ టాలీ అయింది కదా అని నిశ్చింతగా ఉండే ఓనర్లు గుర్తుంచుకోవాల్సింది ఇదే. ఇలాంటి దొంగతనంలో క్యాష్ ఎప్పుడూ టాలీ అవుతుంది.

మూడోది హోల్డ్ బిల్లు. క్యూ పెరిగినప్పుడు, ఒకావిడ "ఉప్పు మర్చిపోయాను" అని లోపలికి వెళ్లినప్పుడు బిల్లు పక్కన పెట్టి తర్వాతి వాళ్లది కొట్టడానికి ఇచ్చిన సదుపాయం. దీన్నే దురుపయోగం చేయొచ్చు. సరుకులు స్కాన్ చేసి, స్క్రీన్ మీద మొత్తం చూపించి, కస్టమర్ సరిగ్గా చిల్లరతో సహా ఇచ్చేసి బిల్లు అడక్కుండా వెళ్తే, ఆ బిల్లుని హోల్డ్‌లో వేసి రాత్రి తీసేయడం. ఇది క్యాన్సిల్ కింద లెక్కకి రాదు, ఎందుకంటే అసలు బిల్లే పుట్టలేదు. చాలా సాఫ్ట్‌వేర్లలో హోల్డ్ బిల్లుల మీద లిమిట్ ముందుగా పెట్టి ఉండదు. మీరే పెట్టుకోవాలి.

ఇంకొకటి, రెండోసారి ప్రింటు. మన జిల్లాల్లో దీనికి బియ్యం బస్తా కంటే మంచి ఉదాహరణ దొరకదు. ఒకే రకం బస్తా, ఒకే ధర, రోజుకి చాలామంది అదొక్కటే కొని వెళ్తారు. పొద్దున కొట్టిన బస్తా బిల్లునే మధ్యాహ్నం ఇంకోసారి ప్రింటు తీసి వేరే కస్టమర్‌కి ఇస్తే? ఆయన చేతిలో బిల్లు ఉంది, గేటు దగ్గర మనిషి ముద్ర వేశాడు, బస్తా ఆటో ఎక్కింది. డబ్బు మాత్రం లెక్కలోకి రాలేదు. కాబట్టి 'మొదటి ప్రింటుకీ రెండో ప్రింటుకీ మధ్య అరగంట దాటితే చూపించు' అన్న ఒక్క లైను, వంద రూపాయల డిస్కౌంటు మెసేజీల కంటే ఎంతో విలువైనది.

శాతం చేసే మోసం

ఇక గీత ఎలా గీయాలి? అందరికీ ముందు తట్టేది రూపాయల లిమిట్: ఐదొందలు దాటిన రద్దు చూపించు. అర్థం చేసుకోవడం తేలిక, తప్పించుకోవడం అంతకన్నా తేలిక. లిమిట్ ఐదొందలని కౌంటర్లో తెలియడానికి వారం పట్టదు. ఆ తర్వాత రద్దులన్నీ నాలుగొందల ఎనభై, నాలుగొందల తొంభై దగ్గర గుమిగూడతాయి. ఇది వింత కాదు, ఎక్కడ గీత గీసినా దాని కిందే జనం చేరతారు. అందుకని ఒక్కో రద్దుకి ఒక లిమిట్ పెట్టి, దాంతోపాటు వారం మొత్తంలో ఒక మనిషి చేసిన రద్దులన్నిటి కూడికకి ఇంకో లిమిట్ పెట్టాలి. మొదటిది దాటకుండా జాగ్రత్తపడేవాళ్లు రెండోదానికి దొరుకుతారు.

తర్వాత అందరూ శాతానికి వస్తారు. 'బిల్లుల్లో ఐదు శాతం కంటే ఎక్కువ రద్దు చేసినవాళ్ల పేరు చూపించు.' చాలా న్యాయంగా అనిపిస్తుంది. నిజానికి ఇదే అన్నిటికన్నా ఎక్కువ అన్యాయం చేస్తుంది.

లెక్క కోసం అనుకుందాం. మీ దుకాణంలో మామూలుగా వందకి రెండు బిల్లులు రద్దవుతాయి. ఒకమ్మాయి ఆదివారం సాయంత్రం మాత్రమే పార్ట్‌టైమ్ వస్తుంది, ఇరవై బిల్లులు కొడుతుంది. అందులో రెండు రద్దయితే పది శాతం! రిపోర్టులో ఎర్ర అక్షరాల్లో ఆమె పేరే మొదట ఉంటుంది. రోజంతా రెండొందల బిల్లులు కొట్టిన సీనియర్ తొమ్మిది రద్దు చేసినా నాలుగున్నర శాతమే, ఆయన పేరు రానే రాదు. ఇరవైలో రెండు అన్నది కాకతాళీయంగా కూడా జరిగిపోతుంది. చిన్న సంఖ్యల్లో శాతం గాలిపటంలా ఎగురుతుంది.

దీనికి విరుగుడు కొత్తదేమీ కాదు. 1924లో అమెరికాలో వాల్టర్ షూహార్ట్ అనే ఇంజనీరు ఫ్యాక్టరీల్లో తయారయ్యే సరుకు నాణ్యత చూడటానికి కంట్రోల్ చార్ట్ అనే పద్ధతి పెట్టాడు. మామూలు ఊగిసలాట ఎంత ఉంటుందో ముందు లెక్కగట్టి, దానికి మూడింతలు దాటితేనే ఆరా తీయమన్నాడు. మన లెక్కకి దాన్ని ఇలా వాడొచ్చు. మామూలు రద్దుల నిష్పత్తి 0.02. దాన్ని 0.98తో హెచ్చవేసి, వచ్చినదాన్ని బిల్లుల సంఖ్యతో భాగించి, వర్గమూలం తీసి, మూడు రెట్లు చేసి, మళ్లీ 0.02కి కలపాలి. ఇరవై బిల్లులు కొట్టిన అమ్మాయికి లిమిట్ పదకొండు శాతం పైన వస్తుంది, అంటే మూడో రద్దుకి గానీ పేరు రాదు. రెండొందల బిల్లులకి ఐదు శాతానికి కాస్త లోపల వస్తుంది, పదో రద్దుకి పేరు వస్తుంది. నెలకి రెండు వేల బిల్లులైతే లిమిట్ మూడు శాతం కిందకి దిగుతుంది. ఎక్కువ బిల్లులు కొట్టినవాళ్లకి గీత దగ్గరగా, తక్కువ కొట్టినవాళ్లకి దూరంగా. ఈ సూత్రం మీ సాఫ్ట్‌వేర్‌లో లేకపోతే ఎక్సెల్‌లో ఒక గడి చాలు. అదీ వద్దనుకుంటే 'వంద బిల్లులు దాటనివాళ్లకి శాతం చూపించకు' అని కనీస సంఖ్య ఒకటి పెట్టండి, సగం గొడవ పోతుంది.

ఆదివారాన్ని ఆదివారంతోనే పోల్చాలి

ఆ నూట నలభై మెసేజీల్లో అరవై పైన 'అమ్మకం లేకుండా గల్లాపెట్టె తెరిచారు' అన్నవే. ఓనరు గారికి రెండో కౌంటర్ అమ్మాయి మీద అనుమానం వచ్చింది, ఎందుకంటే ఎక్కువ ఆమెవే. డీవీఆర్ టైము సరిచేసి వీడియో చూశాం. పొద్దున ఆరు నుంచి పదకొండు దాకా ఒకరి వెనక ఒకరు జనం. కొనడానికి కాదు. ఐదొందల నోటు ఇచ్చి పదులు, ఇరవైలు పట్టుకెళ్తున్నారు. ఆదివారం సూర్యుడి వారం, అరసవల్లి గుడికి వచ్చేవాళ్లకి హుండీలో వేయడానికి, పళ్లెంలో పెట్టడానికి, ఆటోకి చిల్లర కావాలి. రెండో కౌంటర్ వీధి గుమ్మానికి దగ్గర. అంతే సంగతి. రథసప్తమి నాడు ఆ సాఫ్ట్‌వేర్ మోగి ఉంటే ఎన్ని మెసేజీలు వచ్చేవో ఊహించుకోండి.

అప్పుడు రెండు మార్పులు చేశాం. చిల్లర ఇవ్వడానికి సాఫ్ట్‌వేర్‌లోనే ఒక మీట పెట్టి, కారణం నమోదయ్యేలా చేశాం. అలా నమోదు కాకుండా తెరిచినవే ఇప్పుడు లెక్కలోకి వస్తాయి. రెండోది, ఏ రోజునైనా నిన్నటితో కాకుండా గడిచిన ఎనిమిది వారాల్లో అదే రోజుతో పోల్చడం. ఆదివారాన్ని ఆదివారాలతో, మంగళవారాన్ని మంగళవారాలతో. విజయనగరంలో ఇదే ఓనరు గారి బావమరిది దుకాణం ఉంది. అక్కడ ఈ మంగళవారం లెక్క కూడా ఏడాదికోసారి పనికిరాదు. విజయదశమి వెళ్లిన తర్వాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. గుడికీ కోటకీ మధ్య సిరిమాను తిరుగుతుంటే చుట్టుపక్కల ఊళ్లన్నీ అక్కడే ఉంటాయి. ఆ రోజుని ఏ మంగళవారంతో పోలుస్తారు? అలాంటి రోజులకి క్యాలెండర్‌లో గుర్తు పెట్టి, నిరుటి అదే పండుగతో పోల్చుకోవాలి. సంక్రాంతి ముందు వారం కూడా అంతే.

ఎనిమిది వారాలకి సగటు తీయకుండా మధ్య విలువ తీయమని నా సలహా. ఎనిమిదింటినీ చిన్నదాని నుంచి పెద్దదానికి వరసలో పెట్టి, నడిమి రెండింటికీ మధ్యలో ఉన్నది తీసుకోవాలి. మన తీరానికి తుపాన్లు కొత్త కాదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ. అలాంటి ఒక్క రోజు సగటులో పడితే రెండు నెలల పాటు ఆ సగటు వంకరగానే ఉంటుంది. మధ్య విలువకి ఒక్క పిచ్చి రోజు లెక్క కాదు.

తుపాను మాట వచ్చింది గనక ఇంకోటి. కరెంటు, నెట్ పోయినప్పుడు కౌంటర్ కంప్యూటర్లు ఇన్వర్టర్ మీద బిల్లులు కొడుతూ తమ దగ్గరే దాచుకుంటాయి. నెట్ రాగానే అన్నీ ఒక్కసారి సర్వర్‌కి చేరతాయి. రిపోర్టు 'సర్వర్‌కి చేరిన టైము' చూస్తుంటే, ఒకే నిమిషంలో రెండొందల బిల్లులు, అందులో ఆరు రద్దులు కనిపిస్తాయి. అది దొంగతనం కాదు, నెట్ రావడం. నియమం రాసేటప్పుడు 'బిల్లు కొట్టిన టైము' అన్న గడినే ఎంచుకోండి. రెండు గడులూ పక్కపక్కనే ఉంటాయి, పేర్లు కూడా దగ్గరగానే ఉంటాయి. నేను ఒకసారి పొరపడ్డాను.

రోజుకి ఎన్ని అడగగలరు?

అసలు ప్రశ్న ఇది. ఓనరు గారు పొద్దున టీ తాగుతూ ఎన్ని లైన్లు చూసి, వాటిలో ఎన్నిటికి వీడియో తెరిచి, ఎవరిని ఏమని అడగగలరు? ఆయన్నే అడిగాను. "ఆరు" అన్నారు. అయితే లిమిట్ ఆరు లైన్ల దగ్గర ఉండాలి. ఇది వెనక నుంచి ముందుకి చేసే లెక్క. అనుకున్న నియమాలన్నీ గడిచిన మూడు నెలల బిల్లుల మీద నడిపి చూస్తాం, రోజుకి ఎన్ని లైన్లు వచ్చి ఉండేవో తేలుతుంది. నలభై వస్తే బిగింపు ఎక్కువైంది, వదులు చేయాలి. వారానికి ఒకటీ రాకపోతే ఇంకాస్త బిగించాలి. ముందు ఆన్ చేసి తర్వాత సరిచేద్దాం అనుకుంటే నాకు జరిగినట్టే జరుగుతుంది. ఒకసారి ఫోన్ మూసేసిన మనిషి మళ్లీ తెరవడు.

లైన్లు తగ్గించడానికి గీత పైకి జరపడం ఒక్కటే మార్గం కాదు. షరతులు కలపడం అంతకన్నా మంచిది. విడివిడిగా చూస్తే క్యాష్ బిల్లు మామూలే, రద్దు మామూలే, పది నిమిషాల ఆలస్యమూ మామూలే. 'క్యాష్ బిల్లు, డబ్బు తీసుకున్న పది నిమిషాల తర్వాత రద్దు, సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ లేకుండా' అని మూడూ కలిస్తే అది అరుదు. సాఫ్ట్‌వేర్‌లో ఈ షరతుల మధ్య 'మరియు' ఎంచుకోవాలి. 'లేదా' ఎంచుకుంటే మళ్లీ నూట నలభై. వచ్చినవాటిని కూడా ఒకేలా చూడక్కర్లేదు. ఐదు వేలు దాటిన క్యాష్ రద్దు అయితే అప్పటికప్పుడు ఫోన్, మిగతావి పొద్దుటి జాబితాలోకి, శాతాలూ పోలికలూ వారానికోసారి.

ఇంత బిగించాక కూడా వచ్చిన ప్రతి లైనూ దొంగతనం కాదు. ఇక్కడ అంకెలు మనసుకి ఎదురు తిరుగుతాయి. దుకాణంలో నెలకి 27,000 బిల్లులు, వాటిలో నిజంగా తప్పుడువి పది అనుకుందాం. మీ నియమం బ్రహ్మాండంగా పనిచేసి పదిలో తొమ్మిదింటిని పట్టుకుంటుంది, మంచి బిల్లుల్లో నూటికి ఒకదాన్ని మాత్రమే పొరపాటున లాగుతుంది. అంటే దాదాపు 270 మంచి బిల్లులు కూడా జాబితాలోకి వస్తాయి. మొత్తం 279 లైన్లు, నిజమైనవి 9. వందలో మూడు! ఇంత మంచి నియమానికే ఈ గతి. కాబట్టి జాబితాలో పేరు రాగానే "సిస్టమ్ పట్టేసింది" అని పదిమందిలో అనడం మహాపాపం. "ఈ బిల్లు ఎందుకు తీశావమ్మా?" అని పక్కకి పిలిచి అడగాలి. చెప్పిన కారణాన్ని ఆ లైను పక్కనే రాసి పెట్టాలి. నెల తిరిగేసరికి ఏ నియమం నిజమైనవి తెస్తోందో, ఏది ఊరికే మనుషుల్ని బాధపెడుతోందో ఆ కారణాలే చెబుతాయి. రెండు నెలలు వరసగా ఒక్కటీ తేల్చని నియమాన్ని తీసేస్తాను.

తూకం సరుకుల దగ్గర ఇదంతా వేరే పాట. తూకం కౌంటర్లో అంటించే లేబుల్ మీద బార్‌కోడ్ మామూలుగా 2తో మొదలవుతుంది. దుకాణం తనలో తాను వాడుకోవడానికి కేటాయించిన అంకె అది, అందులోనే బరువో ధరో దాగి ఉంటుంది. పలాస జీడిపప్పు తూచి వేరుశనగ గుళ్ల కోడ్ నొక్కితే బిల్లింగ్ కౌంటర్లో ఏ రద్దూ కనిపించదు, అక్కడ అంతా సక్రమమే. అది స్టాకులో తేలాలి, అందుకే జీడిపప్పు లాంటి ఖరీదు సరుకుకి రోజూ స్టాకు తూచి తేడాకి లిమిట్ పెట్టాలి. అన్ని సరుకులకీ ఒకే తేడా పెట్టకూడదు. కొత్త చింతపండు ఆరేకొద్దీ తరుగుతుంది, బెల్లం వానాకాలంలో చెమ్మ పట్టి బరువెక్కుతుంది. జీడిపప్పు డబ్బా మూత బిగించి ఉంటే పెద్దగా మారదు. మూడింటికీ మూడు లిమిట్లు. అర శాతం తేడాకి చింతపండు దగ్గర నిలదీస్తే కౌంటర్ కుర్రాడు నవ్వుతాడు, నవ్వాల్సిందే.

చివరి నియమం లిమిట్ల మీదే పెట్టాలి. ఎవరు, ఎప్పుడు, ఏ లిమిట్‌ని ఎంత నుంచి ఎంతకి మార్చారు అన్నది కూడా ఒక ఎక్సెప్షనే. దాన్ని ఎవరూ మార్చలేని జాబితాలో పడేలా చేయాలి. అరసవల్లి రోడ్డు దుకాణంలో ఇది పెట్టిన మూడో వారం, హోల్డ్ బిల్లుల లిమిట్ ఒక రాత్రి తొమ్మిదింటికి పది నుంచి వందకి మారినట్టు కనిపించింది. మార్చిన లాగిన్ ఓనరు గారిదే. ఆయన ఆ వేళ ఆమదాలవలసలో పెళ్లిలో ఉన్నారు. పాస్‌వర్డ్ ఎవరికి తెలుసని అడిగితే ఎవరికీ తెలీదన్నారు. మూడో కౌంటర్ దగ్గర మానిటర్ వెనక్కి వంగి చూశాను. పసుపు స్టిక్కర్ మీద, ఆయన చేతిరాతలోనే ఉంది.